మీటింగ్ క్యాసెట్లు పారేయాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి పేజీ మొత్తం ఒకే విషయానికి ఇచ్చేశాం. పాత కాలనీ మీటింగులు, బస్తీ సభలు, కౌన్సిల్ చర్చల రికార్డింగులు మీ ఇంట్లో ఏమైనా ఉంటే రాయమని అడిగితే ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. చోటు చాలక కొన్నిటినే తీసుకున్నాం, కొన్నిటిని కుదించాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, పేట పేరు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా నాన్నగారు మా కాలనీ సంక్షేమ సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శిగా చేశారు. జనరల్ బాడీ మీటింగ్ అయినా, ఎమ్మెల్యే వచ్చినా, వాటర్ వర్క్స్ ఇంజినీరు వచ్చినా టేబుల్ మీద టేప్ రికార్డర్ పెట్టేవారు. మినిట్స్ రాసుకోవడానికి అనేవారు. ఆయన పోయాక ఆ క్యాసెట్లన్నీ ఒక అట్టపెట్టెలో దొరికాయి. 1988 నుంచి 2003 దాకా ఉన్నాయి. కొన్నిటి మీద తేదీ ఉంది, కొన్నిటి మీద "మీటింగ్" అని తప్ప ఏమీ లేదు. ఒకదాని మీద "వరద మీటింగ్, సెప్టెంబర్ 2000" అని రాసుంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం, త్వరలో ఖాళీ చేయాలి. మా తమ్ముడు పారేద్దాం అంటున్నాడు. మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి కదా, ఈ గోల మళ్లీ ఎవరు వింటారు అని వాడి వాదన. నాకు మనసొప్పడం లేదు. వీటివల్ల నిజంగా ఎవరికైనా ఉపయోగం ఉందా? ఉంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: పారేయొద్దమ్మా. ముందుగా ఆ పెట్టెను ఇంట్లోంచి తీసి, ఖాళీ చేసే హడావుడి తగలని చోట పెట్టండి. ఇళ్లు మారేటప్పుడు ఇలాంటివి ఎవరూ కావాలని పారేయరు, ఆఖరి రోజు వ్యాను వచ్చి గుమ్మంలో ఆగాక ఏ పెట్టెలో ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు, అప్పుడు పోతాయి.

మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు మీరు రాసిన సంవత్సరాల్లోనే ఉంది. హైదరాబాద్ నగరపాలక సంస్థకు 1986లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకమండలి గడువు 1991లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో పదేళ్లకు పైగా మన నగరానికి మేయర్ లేరు, కార్పొరేటర్లు లేరు, అంతా ప్రభుత్వం వేసిన స్పెషలాఫీసర్ల పాలనే. పట్టణాల్లో ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాలని చెప్పే 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చినా, ఆ ఎన్నికలు మనదాకా రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. ఆ కాలంలో నల్లా రాకపోయినా, మోరీ పొంగినా, పార్కు జాగాలో ఎవరో గోడ లేపినా అడగడానికి కౌన్సిల్ లేదు. మరి జనం ఎక్కడ మాట్లాడుకున్నారు? మీ నాన్నగారి లాంటివాళ్లు షామియానా వేయించి, కుర్చీలు తెప్పించి పెట్టిన మీటింగుల్లో. రేపెవరైనా 1990ల నాటి హైదరాబాద్ నగర రాజకీయం గురించి రాద్దామని కూర్చుంటే కౌన్సిల్ చర్చలు దొరకవు, ఎందుకంటే అవి జరగనే లేదు. కార్పొరేటర్ ఉన్న కాలం, లేని కాలం, మళ్లీ వచ్చిన కాలం, మూడూ మీ పెట్టెలో ఒకే కాలనీ నోట వినిపిస్తాయి. ఇలాంటిది ఏ ఆఫీసులోనూ దొరకదని నా నమ్మకం.

మినిట్స్ పుస్తకాలు కూడా దాచండి, అవీ కావాలి. అయితే మినిట్స్‌లో ఏముంటుంది? "బోరు మరమ్మతుకు ఇంటికి ఇంత చొప్పున వసూలు చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏకగ్రీవం వెనక గంట సేపు పోట్లాట జరిగి ఉంటుంది. అద్దెకున్నవాళ్లం మేమెందుకు కట్టాలని ఒకరు, మా ఇల్లు ఎత్తు మీద ఉంది, అసలు ప్రెషరే రాదు కదా అని ఇంకొకరు, అర్ధరాత్రి లేచి నీళ్లు పట్టేది మేమైతే ఇక్కడ మాట్లాడేది మీరా అని వెనక వరసలోంచి ఒక ఆడగొంతు. ఇవేవీ పుస్తకంలోకి ఎక్కవు. కృష్ణా నీళ్లు మన నగరానికి 2004లో గానీ రాలేదు, అంతకుముందు మంజీరా, సింగూరు, జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) మీదే బతికాం. కాబట్టి మీ టేపుల్లో సగం నీళ్ల గొడవే ఉన్నా ఆశ్చర్యం లేదు. ట్యాంకర్ ఎంతకు వచ్చేది, ఎన్ని రోజులకోసారి నల్లా వదిలేవాళ్లు, లైన్‌మన్ ఎవరింటి వైపు మొగ్గేవాడు, ఇవన్నీ ఆ గొడవలోనే తెలుస్తాయి.

ఇక ఆ వరద మీటింగ్ టేపు. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులోనే 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా పోయి మూసీలో కలుస్తుంది, దాని పక్కనున్న లోతట్టు పేటలు మునిగాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరిచిన పాత ఉర్దూ పుస్తకాలు కూడా ఆ నీళ్లలో తడిసిపోయాయి. తర్వాత ప్రభుత్వం కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌తో నాలాల మీద అధ్యయనం చేయించింది. నాలా ఎంత వెడల్పు ఉండాలో అలాంటి నివేదికలు చెప్తాయి. నీళ్లు ఏ గల్లీలోంచి ముందు వచ్చాయి, ఏ ఇంట్లో ఎంత ఎత్తున నిలిచాయి, నాలాలో మట్టి తీయమని ఎవరు ఎన్నిసార్లు అడిగారు, సాయం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని జనం నెల తిరగ్గానే, కోపం చల్లారకముందే చెప్పిన మాటలు మీ దగ్గరున్నాయి. 2020 అక్టోబర్‌లో నగరం మళ్లీ మునిగినప్పుడు ఇలాంటి మాటలు చేతిలో ఉంటే ఎంత బలంగా ఉండేదో ఆలోచించండి. ఈ ఒక్క క్యాసెట్ కోసమైనా ఆ పెట్టెను కాపాడాలి.

ఏం చేయాలంటారా, ముందే ప్లేయర్ కోసం పరిగెత్తకండి. ఒక నోటుబుక్ తీసుకుని ప్రతి క్యాసెట్‌కి ఒక నంబరు ఇవ్వండి. పైన ఏం రాసుందో అక్షరం మార్చకుండా ఎక్కించండి. పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో కదపకముందే ఫొటో తీసుకోండి. తేదీ లేనిదానికి దాని ముందూ వెనకా ఉన్న క్యాసెట్లే ఆధారం. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, వాటిని విరిచేస్తే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత మాటలు చెరగవు. తెల్లటి బూజు కనిపించిన క్యాసెట్లను వేరే కవర్లో పెట్టండి, వాటిని ప్లేయర్లో వేస్తే ఆ బూజు మిగతావాటికి కూడా అంటుకుంటుంది.

కాపీ చేయడానికి మంచి కండిషన్లో ఉన్న పాత క్యాసెట్ డెక్ కావాలి. తక్కువ ధరలో దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు నాకు నచ్చవు, వేగం నిలకడగా ఉండదు, గొంతులు వణుకుతాయి, ఎవరి గొంతో గుర్తుపట్టడమే మన పని అయినప్పుడు అది పెద్ద నష్టం. డెక్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిపించి, ఆడియో బయటికిచ్చే లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేయొచ్చు. ఏళ్ల తరబడి కదలని టేపును ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ వెనక్కి తిప్పండి, చుట్ట సర్దుకుంటుంది. సీ-120 (120 నిమిషాల) క్యాసెట్లు ఉంటే జాగ్రత్త, వాటిలో టేపు చాలా పల్చగా ఉంటుంది, తెగుతుంది, చుట్టుకుపోతుంది, అవి తెలిసినవాళ్లకే ఇవ్వండి. 90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలూ పడుతుంది, ఇందులో దగ్గరదారి లేదు. అసలు కాపీని నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగా ఉంచండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 2 జీబీ అవుతుంది, ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. పంచుకోవడానికి విడిగా ఎంపీ3 చేసుకోండి. ఫ్యాన్ చప్పుడు, ఆటో చప్పుడు తీసేయాలన్న సరదా ఉంటే ఆ రెండో కాపీ మీదే తీర్చుకోండి, మొదటిదాన్ని ముట్టుకోవద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఇది ఆలస్యం చేయకూడనిది. ఆ మీటింగులకు వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఎవరున్నారో చూడండి. జాగ్రత్తగా ఉంచితే టేపు ఇంకో ఐదేళ్లయినా పలుకుతుంది. ఆ గొంతు ఫలానా మేస్టారిది, ఈయన ఫలానా గల్లీలో కిరాణా కొట్టాయన అని చెప్పగలిగిన మనిషి అప్పటికి ఉంటారో లేదో. గొంతు ఎవరిదో తెలియని రికార్డింగ్ దాదాపు సగం పోయినట్టే. టేపును మళ్లీ మళ్లీ తిప్పకుండా ఆ ఎంపీ3 వినిపించండి. వాళ్లు చెప్పేది కూడా ఫోన్లో రికార్డ్ చేసుకోండి. నోటుబుక్‌లో నిమిషం వేసి, విషయం వేసి, ఎవరు మాట్లాడారో రాయండి. గుర్తుపట్టకపోతే తెలియదు అని రాయండి, అంచనాతో పేరు వేయొద్దు. వింటూ వింటూ వాళ్లు పాత కోపాలు తెచ్చుకుంటారు, పోయినవాళ్ల గొంతు వినబడితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తొందరపెట్టకండి.

కాపీలు అయిపోయాక క్యాసెట్లు పారేయొచ్చా అని మీ తమ్ముడు తప్పకుండా అడుగుతారు. వద్దు. రేపు పార్కు జాగా మీదో, నాలా హద్దు మీదో కోర్టుకు పోవాల్సి వస్తే అసలు టేపుకున్న బలం కాపీకి ఉండదు. టేపును సాక్ష్యంగా తీసుకోవాలంటే గొంతు ఎవరిదో గుర్తించాలి, ఎవరూ మార్పులు చేయలేదని నమ్మకం కలగాలి, మాటలు స్పష్టంగా వినబడాలి అని సుప్రీంకోర్టు 1985లో రామ్‌సింగ్ కేసులోనే చెప్పింది. చూశారా, గొంతు గుర్తించడం అక్కడ కూడా మొదటి షరతు.

ప్రశ్న: మా కాలనీ వార్షికోత్సవానికి పాత మీటింగుల టేపుల్లోంచి ముక్కలు కలిపి ఒక ఆడియో చేస్తున్నాం. గొడవలు, తిట్లు ఉన్నచోటల్లా తీసేసి టేపులను "శుభ్రం" చేసి దాచమని మా అధ్యక్షుడు అంటున్నారు. ఒకదాంట్లో ఒకాయన ఇంకొకాయన పేరు పట్టుకుని నాలా కబ్జా చేశాడని అరిచారు. ఆ అనిపించుకున్నాయన ఇప్పుడు లేరు, పిల్లలు ఇక్కడే ఉంటున్నారు. ఏం చేయమంటారు?
– కమిటీ సభ్యురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వేడుకలో వినిపించేది వేరు, దాచేది వేరు. ఈ రెండూ కలిపి ఆలోచించడం వల్లే ఇబ్బంది వస్తోంది.

దాచే కాపీలో ఒక్క సెకను కూడా కోయొద్దు. సన్మానాలు, దండలు, ధన్యవాదాలు ప్రతి కాలనీలో ఒకేలా ఉంటాయి. మీ కాలనీ ఎలా నడిచిందో తెలిసేది ఆ గొడవలోనే, ఎవరు ఎవరిని మాట్లాడనివ్వలేదు, ఎవరు మధ్యలో లేచి వెళ్లిపోయారు, చివరికి ఎవరు సర్దిచెప్పారు అనేదాంట్లోనే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోసేటప్పుడు మైకుకు దూరంగా ఉన్న మాటలు సరిగా వినబడటం లేదు కదా అని ముందు వాటినే తీసేస్తారు. మైకు దగ్గర కూర్చునేది కమిటీ పెద్దలు. దూరంగా కూర్చునేది ఆడవాళ్లు, అద్దెకున్నవాళ్లు, వాచ్‌మన్లు, పక్క బస్తీ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మాట మినిట్స్‌లోకి ఎలాగూ ఎక్కలేదు, టేపులోంచి కూడా పోతే ఇక వాళ్లు ఆ మీటింగుకు రానట్టే.

వేడుకలో ఆ కబ్జా ఆరోపణ వినిపించడం మాత్రం తప్పు. చనిపోయినవాళ్ల మీద వేసిన నింద కూడా, కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశం ఉంటే, చట్టం ప్రకారం పరువునష్టం కిందికి రావచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, వందమంది మధ్య ఆ పిల్లలు అది వినాల్సిన అవసరం లేదు. అంతకంటే ముందు వాళ్లింటికి వెళ్లి టేపు ఉందని చెప్పండి, వాళ్ల నాన్న వైపు మాట ఏమిటో అడగండి, ఒప్పుకుంటే రికార్డ్ చేసి అదే నంబరు కింద పెట్టండి. అరిచినాయన మాట ఒక్కటే మిగిలిపోవడం కూడా న్యాయం కాదు. ఎప్పటిదాకా బయటికి ఇవ్వకూడదో కమిటీలో తీర్మానం చేసి, ఆ కాగితం టేపుతో పాటే ఉంచండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మీటింగులన్నీ ఫోన్లో తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తాం. అవి దాచినట్టేనా?
– పాఠకుడు, మియాపూర్

జవాబు: దాచినట్టు కాదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, ఫోన్ మారితే పోతుంది, గ్రూపులో ఎవరైనా స్టోరేజ్ నిండిందని డిలీట్ చేస్తారు. తీసిన ఫోన్లోంచే అసలు ఫైలు తీసుకోండి, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆ తర్వాత విషయం పెట్టండి, వరస దానంతటదే కుదురుతుంది. మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మీటింగ్ మొదట్లో ఒకరు తేదీ, చోటు, వచ్చినవాళ్ల ఫ్లాట్ నంబర్లు పైకి చదివితే సగం పని అక్కడే అయిపోతుంది. రికార్డ్ చేస్తున్నామని అందరికీ ముందే చెప్పడం మర్యాద.

ప్రశ్న: నేను పీజీ విద్యార్థిని. కాప్రా, అల్వాల్ వైపు వార్డు రాజకీయాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. కౌన్సిల్ సమావేశాల ఆడియో, వీడియో ఆర్టీఐ కింద ఇస్తారా? ఎవర్ని అడిగినా ఫైళ్లే ఇస్తారు, టేపులు ఇవ్వరు అంటున్నారు.
– తార్నాక

జవాబు: ఇవ్వాలి, ఉంటే. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో సమాచారం అంటే కాగితమే అని ఎక్కడా లేదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నది కూడా సమాచారమేనని సెక్షన్ 2(ఎఫ్) చెప్తుంది. టేపులు, వీడియో క్యాసెట్ల రూపంలో కాపీ తీసుకునే హక్కు ఉందని 2(జె) ఆ మాటలతోనే చెప్తుంది. ఈ రెండు సెక్షన్లూ దరఖాస్తులో రాయండి.

అయితే అడిగే తీరులోనే ఉంది అంతా. "అన్ని సమావేశాల రికార్డింగులు ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపడం తేలిక. ఫలానా తేదీన జరిగిన సర్వసభ్య సమావేశం ఆడియో లేదా వీడియో కాపీ కావాలి అని ఒక్కో తేదీ రాయండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పమనండి. అలాంటి రికార్డింగులు ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని కాపీ అడగండి. అజెండా, సభ్యుల ప్రశ్నలు, అధికారుల జవాబులు, మినిట్స్ అదే దరఖాస్తులో అడగండి. టేపు లేదని తేలినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. "లేదు" అన్న ఆ కాగితం కూడా మీ ప్రాజెక్టుకు పనికొస్తుంది. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేసుకోవచ్చు. చాలామంది మొదటి అప్పీలు దగ్గరే విసుగొచ్చి వదిలేస్తారు, మీరు వదలొద్దు.

మీ పేటల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. కాప్రా, అల్వాల్ అప్పట్లో వేరే మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్ 16న పాత కార్పొరేషన్‌తో పాటు 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేశారు. అంతకుముందు సంగతి అడిగేటప్పుడు పాత మున్సిపాలిటీ పేరుతోనే అడగండి, జీహెచ్‌ఎంసీ రికార్డు అని అడిగితే మా దగ్గర లేదనడానికి మీరే దారి చూపించినట్టవుతుంది. మీరుండేది తార్నాకలోనే కాబట్టి అక్కడి రాష్ట్ర ఆర్కైవ్స్‌కి ఒకసారి వెళ్లండి. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్తావేజులకు పేరున్న చోటు అది, మీ కాలానికి పనికొచ్చేది ఏముందో అక్కడివాళ్లనే అడిగి తెలుసుకోండి. ఇంకో మాట, పాత కౌన్సిలర్ల ఇళ్లకు వెళ్లండి. ఆఫీసులో దొరకనిది చాలాసార్లు వాళ్ల అటక మీద దొరుకుతుంది.

ప్రశ్న: జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయని ఊరు మనది. ఇక్కడ కాలనీ మీటింగుల టేపులు దాచి ఎవరికి వినిపిస్తారు సార్? టైమ్ వేస్ట్ అనిపించదా?
– పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీరు చెప్పిన లెక్క నిజమే. 2009, 2016, 2020, మూడుసార్లూ పోలింగ్ 50 శాతం దాటలేదు. కానీ ఓటుకు వెళ్లని మనిషే కాలనీ మీటింగులో మోరీ గురించి అరగంట ఆపకుండా మాట్లాడతాడు. జనానికి పట్టదు అని తేల్చేసేముందు జనం ఎక్కడ పట్టించుకున్నారో వినాలి కదా. ఓటింగ్ శాతం చూసి ఈ ఊరికి రాజకీయం అక్కర్లేదనుకునేవాళ్లకు ఈ టేపులు వేరే సంగతి చెప్తాయి. ఎవరు వింటారంటారా, నల్లకుంట నుంచి రాసిన పాఠకురాలు వింటారు, తార్నాక విద్యార్థి వింటారు, రేపు అదే నాలా పక్కన ఇల్లు కొనబోయే మనిషి వింటే చాలా మంచిది. నాకు టైమ్ వేస్ట్ అనిపించదు.

ప్రశ్న: మా దగ్గర బస్తీ కమిటీ జల్సాల (సభల) టేపులున్నాయి. ఒకాయన ఉర్దూలో మొదలుపెడితే ఇంకొకాయన తెలుగులో జవాబిస్తాడు, మధ్యలో ఇంగ్లీషు. రాసి పెట్టాలంటే ఏ లిపిలో రాయాలి? మొత్తం తెలుగులోకి మార్చి రాస్తే సరిపోతుందా?
– పాఠకుడు, యాకుత్‌పురా

జవాబు: మార్చి రాయొద్దు భాయ్. ఎవరు ఏ భాషలో మాట్లాడారో అదే భాషలో, ఉర్దూ అయితే ఉర్దూ లిపి తెలిసినవాళ్లతో, తెలుగైతే తెలుగులో రాయించండి. పక్కనే రెండో వరసలో తెలుగు సారాంశం పెట్టుకోవచ్చు. ఎవరు ఏ మాట దగ్గర భాష మార్చారన్నది మీటింగులో చాలా సంగతులు చెప్తుంది. ఆఫీసర్ వచ్చినప్పుడు ఒకలా, ఆయన వెళ్లాక ఇంకోలా మాట్లాడతారు, మీకు తెలియనిది కాదు. మన దక్కనీ మాటల్ని పుస్తకాల ఉర్దూలోకి దిద్దొద్దని రాసేవాళ్లకు ముందే గట్టిగా చెప్పండి. ఇప్పుడు మాటను విని రాసిపెట్టే యాప్‌లు వచ్చాయి, మొదటి ప్రతికి వాడుకోవచ్చు. కానీ ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట, భాషలు కలిసినచోట అవి తడబడతాయి, మనిషి కూర్చుని విని సరిచూడాల్సిందే. ఓపిక లేకపోతే మొత్తం రాయకుండా నిమిషాల వారీ విషయసూచిక ఒక్కటి చేసినా ఎంతో మేలు.

ప్రశ్న: నాకొక చిన్న లోకల్ న్యూస్ యూట్యూబ్ ఛానల్ ఉంది. పాత కార్పొరేటర్లు బహిరంగ సభల్లో మాట్లాడిన ఆడియోలు సంపాదించాను. పబ్లిక్‌లో మాట్లాడినవే కాబట్టి పూర్తిగా పెట్టేయొచ్చు కదా?
– కూకట్‌పల్లి

జవాబు: పబ్లిక్‌లో మాట్లాడినా ఆ ప్రసంగం మీద హక్కు మొదట మాట్లాడినవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో ఈ మాట విడిగా ఉంది. ఇంకొకరి తరఫున మాట్లాడితే ఆ ఇంకొకరిది. రికార్డింగ్ మీద హక్కు దాన్ని తయారుచేసినవాళ్లకు ఉంటుంది, అది ఇంకో లెక్క. వార్తలో భాగంగా, వ్యాఖ్యానం కోసం కొంత ముక్క వాడుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. మొత్తం ప్రసంగం పెట్టాలంటే ఆయన్నో, వాళ్ల ఇంట్లోవాళ్లనో అడిగి రాతలో ఒప్పుకోలు తీసుకోండి, చాలామంది సంతోషంగానే ఇస్తారు. ఇంకొక మనవి, ఇది చట్టం గురించి కాదు. పాత మాటను ముందూ వెనకా లేకుండా పది సెకన్లు కోసి థంబ్‌నెయిల్ పెట్టి వదలొద్దు. ముక్క పెట్టినప్పుడు తేదీ, చోటు, ఆయన అప్పుడు ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో కింద రాయండి.

ప్రశ్న: మా దగ్గర క్యాసెట్లతో పాటు వీహెచ్‌ఎస్ వీడియోలు కూడా ఉన్నాయి. డబ్బులు కొద్దిగానే ఉన్నాయి, ముందు ఏది చేయించాలి?
– సంఘం కోశాధికారి, ఉప్పల్

జవాబు: బూజు పట్టనివాటిలో ముందు వీహెచ్‌ఎస్. ఆ ప్లేయర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాతవి, చెడిపోతే పార్టులు దొరకవు. ఆడియో క్యాసెట్ డెక్‌లు ఇంకా కాస్త తేలిగ్గా దొరుకుతున్నాయి, బాగుచేసేవాళ్లూ ఉన్నారు, కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. పెళ్లి వీడియోలు మార్చే షాపుకిస్తే మధ్యలో పాటలు పెట్టడం, ఖాళీగా ఉన్నచోట కట్ చేయడం వాళ్లకు అలవాటు, ఏమీ కలపొద్దు, ఏమీ తీయొద్దు అని బిల్లు మీదే రాయించుకోండి. డీవీడీ వద్దు, ఫైలుగా హార్డ్ డిస్క్‌లో ఇమ్మనండి. మొత్తం పెట్టె ఒకేసారి ఇవ్వకుండా ముందు రెండు టేపులిచ్చి ఎలా చేశారో చూసుకోండి. అప్పటిదాకా మిగతావాటిని స్పీకర్ల పక్కన, రేకుల గదిలో, బీరువా పైన వేడి తగిలే చోట పెట్టకుండా, నిలువుగా నిలబెట్టి పొడిగా ఉండే అలమారాలో ఉంచండి.